నెల్లూరు తీరంలో కోర్టులూ న్యాయమూ

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలిలో, అంటే సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల, ఉన్న రొయ్యల గుంతల్ని 1997 మార్చి 31లోగా తొలగించాలి. పులికాట్ సరస్సు చుట్టూ 1000 మీటర్ల మేర కూడా గుంత కనిపించకూడదు. సంప్రదాయ పద్ధతిలో సాగే వాటికి మాత్రమే మినహాయింపు. ఆ రోజుల్లో రొయ్యల సాగంటే దేశంలో ముందు గుర్తొచ్చే పేరు నెల్లూరు జిల్లా. తీర్పు అక్షరాలా అమలై ఉంటే కావలి నుంచి తడ దాకా తీరం ఆనవాలు పట్టలేనంతగా మారిపోయేది.

మారలేదు. ఇవాళ మైపాడు దారిన వెళ్లినా, కోట, వాకాడు వైపు తిరిగినా గుంతల్లో ఏరియేటర్లు నురగలు కక్కుతూనే ఉంటాయి. అలాగని ఆ తీర్పు కాగితాలకే పరిమితమైందని తేల్చేయడానికీ లేదు. దేశంలో తీరప్రాంత ఆక్వా సాగుకు ఒక ప్రాధికార సంస్థ, ఒక ప్రత్యేక చట్టం, గుంతకు రిజిస్ట్రేషన్ అనే పద్ధతి, ఇవన్నీ ఆ తీర్పు తర్వాతే వచ్చాయి. కోర్టు ఆదేశించింది ఒకటి, ఊళ్లకు దక్కింది ఇంకొకటి. న్యాయస్థానాలు సమాజాన్ని ఎలా మలుస్తాయో తెలుసుకోవాలంటే ఈ రెండింటి మధ్య జరిగిందేమిటో చూడాలి. అందుకు నెల్లూరు తీరం మంచి చోటు.

ఉమ్మడి నెల్లూరు జిల్లాకు 160 కిలోమీటర్లకు పైగా సముద్రతీరం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట, పులికాట్ భాగం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. తీరం పొడవునా పట్టపు మత్స్యకారుల పాలేలు, ఇసకపల్లి చుట్టుపక్కల ఉప్పు కొఠార్లు, కృష్ణపట్నం రేవు, దాని పక్కనే థర్మల్ కేంద్రాలు, యానాదుల గుడిసెలు, బకింగ్‌హామ్ కాలువ, దాన్ని కలిసే ఉప్పుటేర్లు. ఇంత సన్నటి నేలపట్టీ మీద ఇన్ని రకాల బతుకులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ సాగుతున్నాయి కాబట్టి తగాదాలకు కొదవ లేదు.

కేతన నుంచి మున్సిఫు దాకా

తెలుగులో తొలి ధర్మశాస్త్ర గ్రంథం పుట్టింది 13వ శతాబ్దంలో. మూలఘటిక కేతన, విజ్ఞానేశ్వరుడి మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెనిగించాడు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు ఈయన సమకాలికుడు. తన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చాడు. విజ్ఞానేశ్వరీయంలో ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు కాండలు. అప్పులు, తాకట్లు, దాయభాగాలు, సాక్షులు, ఇప్పటి సివిల్ కోర్టు గుమాస్తా చేతికి రోజూ వచ్చే సంగతులన్నీ వ్యవహారకాండలోవే. రాజు కొలువులో సంస్కృతంలో ఉన్న శాస్త్రం తెలుగు పద్యంలోకి దిగిందంటే, తగవు తీర్చే పెద్దలకు అది చేతిలో ఉండాల్సిన అవసరం పడిందనే అనుకోవాలి.

అదే మనుమసిద్ధి కాలంలో, అదే రాజ్యంలో, పశువుల మేత పన్ను మీద తగాదా వచ్చింది. పుల్లరి కట్టాలని రాజు, కట్టనని యాదవ నాయకుడు కాటమరాజు. ఆ తగవు పంచలింగాల దగ్గర యుద్ధంగా ముగిసింది, రాజు సేనాని ఖడ్గతిక్కన అందులోనే పడిపోయాడు. కాటమరాజు కథల చక్రమంతా ఈ తగవు చుట్టూ అల్లుకున్నదే. ప్రజకూ రాజుకూ మధ్య తగవు వస్తే, రాజుకు పైన విని తీర్పు చెప్పే చోటు అప్పుడు లేదు. ప్రభుత్వాన్నే ప్రతివాదిగా నిలబెట్టి దావా వేయొచ్చన్న ఆలోచన ఎంత కొత్తదో ఈ కథ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. మరుసటి ఏడాదే మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులు పెడుతూ కంపెనీ రెగ్యులేషన్లు చేసింది. అవి బెంగాల్లో కారన్‌వాలిస్ అచ్చుపోసిన పద్ధతి. ఆ పద్ధతి ఇక్కడి ఊళ్లకు పొసగదని థామస్ మన్రో పోరుపెట్టాడు. ఫలితం 1816 రెగ్యులేషన్లు. గ్రామ మున్సిఫుకు చిన్నపాటి దావాలు తేల్చే అధికారం, పంచాయతీకి చట్టబద్ధ గుర్తింపు, వాటిపైన జిల్లా మున్సిఫు. న్యాయాధికారుల పేర్లు ఎన్నిసార్లు మారినా పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘మున్సిఫ్ కోర్టు’ అనే అంటారు.

గ్రామ మున్సిఫు మాత్రం 1984లో పోయాడు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మున్సిఫు పదవుల్ని ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఉద్యోగాలు పోయినవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో కోర్టు ఆ రద్దును సమర్థించింది. శతాబ్దాల గ్రామాధికారం ఒక ఆర్డినెన్సుతో కూలితే, దానిమీద ఆఖరి మాట కోర్టు నోటి నుంచి రావాల్సి వచ్చింది.

కోర్టు గడప తొక్కనివ్వని చట్టం

న్యాయస్థానం ఏం చేసిందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ నోరెత్తనివ్వలేదన్నదీ అంతే ముఖ్యం. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ పాకింది. ఫలానా కులమో తెగో పుట్టుకతోనే నేరస్థులని ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు, ఊరు కదలాలంటే అనుమతి కావాలి. ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదని చట్టంలోనే రాసుకున్నారు. నేరం చేశాడని రుజువు చేయక్కర్లేదు, ఫలానా తెగవాడని రుజువైతే చాలు.

ఈ చట్టం కింద ఎరుకల కుటుంబాల కోసం కావలిలో ఒక సెటిల్‌మెంట్ నడిచింది. దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ బాడెన్ నిర్వహించాడు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ అలాంటిదే ఉండేది. కాపలా పెట్టిన చోటే బడి, పని, ప్రార్థన. దయా నిర్బంధమూ ఒకే కంచె లోపల ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. కానీ ‘అలవాటు పడ్డ నేరస్థులు’ అనే మాట వేరే చట్టాల్లో, జైలు నిబంధనల్లో మిగిలింది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం, ఒకప్పటి నేరస్థ తెగలవారిని వేరుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పి ఆ నిబంధనల్ని కొట్టేసింది. చట్టం రద్దుకూ ఈ తీర్పుకూ మధ్య డెబ్బై రెండేళ్లు గడిచాయి.

రొయ్యల కేసు

1980ల చివరికి టైగర్ రొయ్యకు విదేశాల్లో గిరాకీ పెరిగింది. నెల్లూరు తీరంలో చవుడు భూములు, ఉప్పు కొఠార్లు, ఆఖరికి వరి పొలాలు కూడా గుంతలయ్యాయి. ఎకరానికి ఇంతని లీజు ముట్టజెప్పి కంపెనీలు వచ్చాయి. ఊళ్లో పెద్ద రైతులూ దిగారు. కండలేరు ఉప్పుటేరు చుట్టూ, బకింగ్‌హామ్ కాలువ వెంట గుంత పక్కన గుంత లేచింది.

గుంత నడిచే తీరు తెలిస్తే తగాదా ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది. ఉప్పుటేరులో మోటారు పెట్టి నీళ్లు తోడి గుంత నింపుతారు. హేచరీ నుంచి తెచ్చిన సీడు వదులుతారు. పూటపూటకూ మేత వేస్తారు. రొయ్య వదిలిన మలం, మిగిలిన మేత, వాడిన మందులు అన్నీ అడుగున నల్లటి బురదగా చేరతాయి. నాలుగైదు నెలలకు పట్టుబడి. ఆ తర్వాత ఆ నీళ్లు మళ్లీ అదే ఉప్పుటేరులోకి. కింద ఉన్న రైతు మోటారు వేసి తోడేది ఆ నీళ్లనే. పక్క గుంతలో రోగం వస్తే మన గుంతకూ వచ్చినట్టే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ అలాగే తీరమంతా తుడిచిపెట్టింది. కోర్టు గుంతల్ని మూయమనక ముందే రోగం చాలా గుంతల్ని ఖాళీ చేసిందన్నది తీర్పు మీద జరిగే చర్చల్లో తరచూ మరిచిపోయే సంగతి.

నష్టం గుంతల యజమానులతో ఆగలేదు. గుంతలో నిలవ ఉన్న ఉప్పునీరు భూమిలోకి ఇంకి బావులు చెడ్డాయి. గుంతల గట్లు, కంచెలు పాలేల నుంచి సముద్రానికి పోయే దారుల్ని మూసేశాయి. వల భుజాన వేసుకుని తిన్నగా ఒడ్డుకు పోయేవాళ్లు చుట్టూ తిరిగిపోవాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లాలో 600 మంది ఉన్న ఒక మత్స్యకార పల్లెకు తాగే నీళ్లు లేకుండా పోయాయని, ఆడవాళ్లు గొడవ చేశాక ట్యాంకర్లతో నీళ్లు తోలారని సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదైంది. పేరున్న న్యాయవాదుల వాదనల నడుమ బిందె పట్టుకున్న ఆడవాళ్ల గొడవ రికార్డుకెక్కడం చిన్న విషయం కాదు.

పిటిషన్ మాత్రం నెల్లూరు నుంచి వెళ్లలేదు. తమిళనాడులో గ్రామ స్వరాజ్య ఉద్యమం నడిపిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తంజావూరు, నాగపట్నం వైపు గుంతల మీద ఆయన అప్పటికే పోరాడుతున్నారు. ఆయన తరఫున వాదించింది ఎం.సి. మెహతా. కేసు ఒక్క తమిళనాడుతో ఆగక తీర రాష్ట్రాలన్నిటినీ కలుపుకుంది. నష్టపోయినవాడే కోర్టుకు రావాలన్న పాత నియమాన్ని సుప్రీంకోర్టు 1980ల నుంచే సడలించింది కాబట్టే ఇది సాధ్యమైంది. లేకపోతే ఒక్కో పాలెం ఒక్కో గుంత యజమాని మీద మున్సిఫ్ కోర్టులో దావా వేసి, వాయిదాలకు తిరిగి, నిరూపణ భారం మోసి అలిసిపోయేది.

కోర్టు నేరుగా నమ్మింది నిపుణుల కళ్లను. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, బృందాన్ని తీరానికి పంపింది. ఆ బృందం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాల్ని చూసి వచ్చి, రొయ్యల అమ్మకంతో వచ్చే రాబడి కన్నా పర్యావరణానికి, జీవనోపాధికి జరిగే నష్టమే ఎక్కువని లెక్కగట్టింది. రొయ్యల పెంపకందారుల సంఘాలు ఆ లెక్కను ఒప్పుకోలేదు. లెక్కలో లోపాలున్నాయని, ఎగుమతుల డాలర్లను, ఊళ్లో పుట్టిన పనిని తక్కువ చేసి చూపారని వాళ్ల వాదన.

చిక్కు ముడి మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర పడింది. రొయ్యల సాగు వ్యవసాయమా, పరిశ్రమా? 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, సముద్రపు ఒడ్డుతో నేరుగా పనిలేని పరిశ్రమలేవీ ఆ మండలిలో పెట్టకూడదు. రొయ్యకు ఉప్పునీరు కావాలి కాబట్టి మాకు ఒడ్డు తప్పదని పెంపకందారులన్నారు. కావాల్సింది ఉప్పునీరే తప్ప ఒడ్డు కాదు, ఆ నీళ్లు తోడుకుని లోపలెక్కడైనా పెంచుకోవచ్చు, కాబట్టి ఇది నిషేధం కిందికి వచ్చే పరిశ్రమే అని న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, ఎస్. సగీర్ అహ్మద్ తేల్చారు. ‘కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలి’ అన్న సూత్రాన్ని గుంతలకూ వర్తింపజేశారు. పంటభూములు, ఉప్పు కొఠార్లు, మడ అడవులు, ఊరుమ్మడి భూములు గుంతలుగా మార్చకూడదన్నారు. మూతపడే గుంతల్లో పనిచేసేవాళ్లకు ఆరేళ్ల జీతం పరిహారంగా ఇమ్మన్నారు. పర్యావరణ తీర్పుల్లో కూలివాడి జీతం గురించి ఇంత స్పష్టమైన మాట అరుదు. తీర్పు వచ్చిన ఇరవై రోజులకు కుల్దీప్ సింగ్ పదవీ విరమణ చేశారు.

1997 ఫిబ్రవరిలో కేంద్రం ఆక్వాకల్చర్ అథారిటీని నియమించింది. అయితే ఈలోగా పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, కూల్చివేతల మీద సుప్రీంకోర్టే స్టే ఇచ్చింది. గుంతలు నిలిచాయి. పార్లమెంటులో బిల్లు పెట్టారు, అది ముందుకు సాగలేదు. ఎనిమిదేళ్లు అటూ ఇటూ కాకుండా గడిచాక 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. అందులో ఉన్న ఒక సెక్షన్ మొత్తం తీర్పు వేళ్లకే నీళ్లు అందకుండా చేసింది. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లోని నిషేధం ఆక్వా సాగుకు వర్తించదని, అదీ 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టుగా భావించాలని పార్లమెంటు చెప్పింది. కోర్టు ఏ పునాది మీద తీర్పు కట్టిందో ఆ పునాదినే వెనకటి తేదీతో తీసేసింది. కొత్త చట్టంలో నిషేధపు గీత పోటు గీత నుంచి 200 మీటర్లకు జరిగింది.

చట్టసభ అలా చేయొచ్చా అంటే చేయొచ్చు. తీర్పు తప్పని చట్టసభ చెప్పకూడదు, కానీ తీర్పుకు ఆధారమైన చట్టాన్ని మార్చొచ్చు. ఇక్కడ నెల్లూరు జిల్లాకే చెందిన ఒక మనిషి గుర్తొస్తాడు. జిల్లాలోని పూడూరులో 1883లో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పదిహేనేళ్లు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేసి, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడయ్యాడు. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలని గట్టిగా వాదించినవాడే, ఆ స్వాతంత్ర్యాన్ని పిడివాదంగా మార్చి కోర్టుల్ని చట్టసభకూ ప్రభుత్వానికీ పైన కూర్చోబెట్టకూడదని రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. రొయ్యల కేసులో ఆ హెచ్చరిక ఎవరికి తగులుతుందన్నదాని మీద ఇప్పటికీ రెండు పక్షాలు ఉన్నాయి. దేశమంతటా గుంతలెక్కడ ఉండాలో, కూలికెంత ఇవ్వాలో, ఏ తేదీకి మూయాలో కోర్టు రాయడం చట్టం చేసినట్టేనని ఒక పక్షం. తీరాన్ని కాపాడాల్సిన ప్రభుత్వం సొంత నోటిఫికేషన్‌నే ఐదేళ్లు అటకెక్కిస్తే ఇంకెవరు మాట్లాడాలని రెండో పక్షం. తీరంలో జరిగినదాన్ని బట్టి చూస్తే రెండో వాదనకే బరువెక్కువ. 1991లో ఉన్న చట్టాన్ని ఉన్నట్టు అమలు చేయమనడమే ఆ తీర్పులో ప్రధాన భాగం.

తీర్పు పూర్తిగా ఓడిందా? 2005 చట్టం ప్రకారం గుంతకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దరఖాస్తును కలెక్టరు అధ్యక్షతన ఉన్న జిల్లా కమిటీ పరిశీలిస్తుంది. నిషేధించిన యాంటీబయాటిక్కులు వాడకూడదు. ఐదు హెక్టార్లు, ఆపైన ఉన్న గుంతలకు మురుగునీరు శుద్ధి చేసే ఏర్పాటు తప్పదు. 1990లో ఉప్పుటేరులో మోటారు దింపినవాణ్ణి అడిగేవాడు లేడు. ఇప్పుడు అడగడానికి ఒక కాగితం ఉంది. ఆ కాగితం ఎందరి దగ్గర ఉంది, ఉన్నా అధికారి వచ్చి చూస్తున్నాడా అన్నవి వేరే ప్రశ్నలు. 2009లో వనామి రొయ్యను అనుమతించాక సాగు మళ్లీ ఊపందుకుంది. 2023 సవరణ చట్టం, రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే ఉన్న జైలు శిక్షను తీసేసి డబ్బు జరిమానాగా మార్చింది. నేరంగా ఉన్నది ఉల్లంఘనగా మెత్తబడింది.

డీకేటీ పట్టా విలువ

పత్రికల్లో తీరం గురించి వచ్చే కేసులు పర్యావరణానివే. కోర్టు వరండాలో తీరప్రాంత రైతు కనిపించేది మాత్రం భూసేకరణ కేసులోనే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం, కృష్ణపట్నం రేవు, థర్మల్ కేంద్రాలు, పారిశ్రామిక వాడలు, అన్నిటికీ భూమి కావాలి. 1894 నాటి చట్టం కింద భూసేకరణ అధికారి ఎకరానికి ఇంతని అవార్డు ప్రకటించేవాడు. చాలదనుకుంటే 18వ సెక్షన్ కింద కోర్టుకు రిఫర్ చేయమని గడువులోగా అడగాల్సి ఉండేది. ఆ గడువు తెలియక పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. కోర్టులో ప్లీడరు చుట్టుపక్కల అమ్మకాల దస్తావేజులు దాఖలు చేసేవాడు, బంట్రోతు పేరు పిలిచేవాడు, రైతు బోనెక్కి తన పొలంలో ఏం పండేదో చెప్పేవాడు. పెరిగిన విలువ మీద 30 శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు సొమ్ము), వడ్డీ కలిస్తే మొదటి అవార్డుకూ చివరి మొత్తానికీ పొంతన ఉండేది కాదు. 1984 సవరణలో చేర్చిన 28-ఏ సెక్షన్ వల్ల, ఒక రైతు కోర్టులో రేటు పెంచుకుంటే అదే నోటిఫికేషన్‌లో భూమి పోగొట్టుకుని కోర్టుకు రానివాళ్లు కూడా మూడు నెలల్లోగా ఆ రేటు అడగగలిగేవాళ్లు. ఊళ్లో ఒకడు గెలిస్తే పదిమందికి దారి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం సొలేషియాన్ని నూరు శాతానికి పెంచింది.

తీరంలో బీదవాళ్ల చేతిలో ఉన్నది ఎక్కువగా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, వాడుకలో డీకేటీ పట్టా. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. అమ్మకానికి రానిదానికి మార్కెట్ విలువేమిటన్న తర్కంతో ప్రభుత్వం చాలాకాలం నామమాత్రపు సొమ్ముతో సరిపెట్టింది. పట్టా షరతుల్లోనే, ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పరిహారం అడగకూడదన్న మాట ఉండేది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో ఈ తర్కాన్ని తోసిపుచ్చింది. అసైన్డ్ భూమి తీసుకుంటే సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. కేసు పుట్టింది రంగారెడ్డి జిల్లాలో. దాని నీడ పడింది మాత్రం చిల్లకూరు, ముత్తుకూరు లాంటి మండలాల్లో కూడా. రొయ్యల తీర్పుకు వచ్చిన పేరు దీనికి రాలేదు. కానీ ఒక యానాది కుటుంబానికో, దళిత కుటుంబానికో చేతికి ఎంతొచ్చిందన్న లెక్క తీస్తే ఇదే పెద్ద తీర్పు.

కాపులు, దురాయి, కడలూరు బోట్లు

పట్టపు పాలేల్లో తగాదా పుడితే ముందు వెళ్లేది పోలీస్ స్టేషన్‌కు కాదు. ఊరి కాపుల దగ్గరికి. కాపు అంటే ఇక్కడ కులం కాదు, ఊరి పెద్ద. వల చిరిగిన గొడవ, వేట వంతులు, పడవ అప్పు, మొగుడూ పెళ్లాల పంచాయతీ అన్నీ అక్కడే. కాపులు పెట్టే కట్టుబాటు దురాయి. దురాయి మీరితే తప్పు కట్టాలి. ఫలానా రోజు వేటకు పోకూడదని దురాయి పెడితే తీరం ఖాళీగా ఉంటుంది. ఏ కోర్టు ఉత్తర్వూ ఇంత వేగంగా అమలవ్వదు. అయితే ఇదే కట్టుబాటు ఒక కుటుంబాన్ని ఊరి నుంచి వెలి వేయడానికో, ఇష్టపడి పెళ్లి చేసుకున్నవాళ్లను బెదిరించడానికో వాడితే, అక్కడ ఊరి పెద్దరికం చెల్లదు. ఇద్దరు మేజర్ల పెళ్లికి ఊరి పెద్దలు అడ్డుపడడం చట్టవిరుద్ధమని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాలెంలో ఒంటరి ఆడమనిషికి ఆ తీర్పు అందాలంటే ఊరి మాట దాటి స్టేషన్ దాకా నడవాలి. అదే కష్టమైన పని.

సముద్రంలో తగాదాలకు కాపుల పెద్దరికం చాలదు. తమిళనాడు వైపు నుంచి, ముఖ్యంగా కడలూరు నుంచి, పెద్ద ఇంజన్ల బోట్లు వచ్చి ఒడ్డుకు దగ్గర్లో వేటాడుతున్నాయని నెల్లూరు మత్స్యకారుల ఫిర్యాదు పాతదే. బోట్లను పట్టుకొచ్చి ఒడ్డున కట్టేయడం, అవతలివాళ్లు మనవాళ్లను పట్టుకోవడం, రెండు రాష్ట్రాల అధికారుల మధ్య చర్చలు, ఈ వరస ఏళ్లుగా నడుస్తోంది. రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదలాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఉల్లంఘన మీద విచారణ జరిపి జరిమానా వేసేది జడ్జి కాదు, మత్స్యశాఖ అధికారి. న్యాయం అన్నది కోర్టు భవనం బయట ఎన్ని బల్లల మీద పంచబడుతోందో ఇలాంటి చట్టాల్లో కనిపిస్తుంది.

అప్పుకు కట్టుబడ్డ పని

రొయ్యల గుంత కాపలా, చేపల చెరువు పని, బాతుల మేపు. కొంచెం అడ్వాన్సు ఇచ్చి యానాది కుటుంబాన్ని కుటుంబంగానే కట్టేసుకునే పద్ధతి నెల్లూరు ప్రాంతంలో ఉంది. అప్పు తీరేదాకా కదలకూడదు, అప్పు ఎప్పటికి తీరుతుందో లెక్క యజమాని దగ్గరే ఉంటుంది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం దీన్ని నేరం చేసింది. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఒక కీలకమైన మలుపు తిప్పింది. బలవంతపు పని అని తేలితే, అది తీసుకున్న అప్పు కోసమేనని కోర్టు ముందుగానే భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. కాగితం లేనివాడి మీద నుంచి కాగితం ఉన్నవాడి మీదికి భారం జరిగింది. హర్యానా రాతి గనుల కూలీల గురించి ఒక లేఖతో మొదలైన కేసు అది.

ఆచరణలో విడుదల పత్రం ఇచ్చేది మాత్రం సబ్‌కలెక్టరో ఆర్డీవోనో. నేర విచారణ అధికారాన్ని కూడా ప్రభుత్వం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు అప్పగించొచ్చని ఆ చట్టంలోనే ఉంది. 1973 నేర ప్రక్రియా స్మృతి న్యాయశాఖనూ పరిపాలననూ వేరు చేసిందని చెప్పుకుంటాం, ఈ చట్టంలో ఆ రెండూ మళ్లీ ఒకే కుర్చీలో కూర్చున్నాయి. విడుదల పత్రం ఉంటేనే పునరావాస సాయం. గుడిసె వదిలి బయటపడ్డవాడికి మొదట కావాల్సింది ఆ పత్రమే. యానాదుల్లాంటి షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాలంటీర్లు పాలేలకూ యానాది కాలనీలకూ వెళ్లి చెప్పాల్సిన మాటల్లో మొదటిది ఇదే.

ఇప్పటి దారులు

నెల్లూరు తీరంలో ఒక మనిషి న్యాయం కోసం బయల్దేరితే దారులు నాలుగు వైపులా చీలతాయి. సివిల్ దావాకు కావలి, కోవూరు, నెల్లూరు, గూడూరు కోర్టులు. రిట్ పిటిషన్‌కు 2019 జనవరి 1 నుంచి అమరావతి హైకోర్టు, అంతకుముందు హైదరాబాదు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ తొలి రోజుల్లో గుంటూరు. పర్యావరణ ఫిర్యాదుకు చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం. గుంతల రిజిస్ట్రేషన్ చూసే ప్రాధికార సంస్థ కార్యాలయమూ చెన్నైలోనే. తడ మత్స్యకారుడికి రాజధాని కన్నా చెన్నైయే దగ్గర.

కోర్టు భవనం కూడా అంత భద్రమేం కాదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు సముదాయంలోనే దొంగతనం జరిగి, విచారణలో ఉన్న ఒక కేసు సాక్ష్యాధారాల సంచి మాయమైంది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, అదే ఏడాది నవంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. జిల్లా కోర్టుల్లో సాక్ష్యాల గదులకు తాళం, కాపలా, కెమెరాల సంగతి అప్పటిదాకా పెద్దగా ఎవరూ అడగలేదు.